గుర్తు పెట్టిన పదకొండు పలకలు

చీమకుర్తి,
జనవరి 9.

నేను సుద్దతో కొట్టేసిన పదకొండు పలకల్నీ నువ్వు తడిగుడ్డ పెట్టి తుడిచి పెట్టెల్లోకి ఎక్కించావు ఇషాక్. అన్నా అని రాయడం లేదు. అన్న చేసే పనా ఇది?

ఎవరు చెప్పారని అడగొద్దు. పెట్టెలకు మేకులు కొట్టిన వాళ్ళందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. కడిగింది నేను, చూసింది నేను, గుర్తు పెట్టింది నేను. తెల్లారి వచ్చేసరికి లాట్ మొత్తం వెళ్ళిపోయింది. దాని వెనకే, ఆ పలకలు పరిచే పనికని, నువ్వూ ఒంగోలు వెళ్ళి రైలెక్కావు. పోతూ పోతూ నా మొహం చూడలేదు. అమ్మను వదిలి వెళ్తున్నందుకు దిగులనుకున్నాను. పిచ్చిదాన్ని.

నీకు తెలియనట్టు మళ్ళీ చెప్తున్నా, విను. పలక మీద నీళ్ళు పోస్తే రాయంతా ఒక్కసారే ఆరుతుంది. పగులున్న చోట మాత్రం తడి వెంట్రుకంత గీతగా ఆగుతుంది. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు, అంతే. ఆ కాసేపట్లో చూడాలి. నాకెవరూ నేర్పలేదు. ఏడో తరగతి మానేసి గచ్చు కడగడానికి వచ్చినదాన్ని, నా అంతట నేను చూసి నేర్చుకున్నాను. మిషను మీద దొరకనివి నా కంటికి దొరుకుతాయని మేనేజరే అన్నాడు. అందుకు నాకు జీతమేమీ పెంచలేదు, అది వేరే సంగతి.

ఉత్త ఇంటూ పెడితే గమ్ము పట్టించి రెండో రకం కింద పంపుకోమని. ఇంటూ కింద సున్నా పెడితే గమ్ముకీ లొంగదు, పారెయ్యమని. యూనిట్ మొత్తంలో సున్నా పెట్టేది నేనొక్కదాన్నే. ఆ పదకొండిటికీ సున్నా పెట్టాను. మామూలుగా గచ్చుకి వేసే పలకలైతే ఇంత గోల చెయ్యను. గచ్చు కింద మట్టి ఉంటుంది, పగిలినా ఎవడూ చావడు. ఇవి రేవు మీద సిమెంటు దిమ్మెల మధ్య పరిచేవి. కింద సముద్రం. పైన చేపల గంపలతో ఆడవాళ్ళు.

నువ్వు వెళ్ళిన దీవికి ఎదురుగా ఉన్న దీవిలో ఆ పెద్ద దేశం వాళ్ళు కట్టే రేవు ఏప్రిల్లో తెరుస్తారట, మన దేశం కట్టిచ్చేది మార్చిలోనే తెరవాలట. అందుకని పగిలిన రాయి మంచి రాయైపోతుందా?

పరచకముందే ఆ పదకొండూ తీసి పక్కన పెట్టు. ఏవేవో నీకు తెలుసు. తుడిచిన చెయ్యి మర్చిపోదు.

సిద్దిక

*

దీవి నుంచి,
జనవరి 27.

సిద్దికకు అన్న ఇషాక్ దీవెనలు. అమ్మకు సలాములు చెప్పు.

నీ ఉత్తరం అందింది. తిట్టావు, తిట్టు. నా ఎదురుగా ఉంటే చీపురు తీసుకునేదానివి, సముద్రం అడ్డమొచ్చింది.

ఇక్కడ ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు. ఈ చోటు ఫొటోలు బయటికి పోకూడదట. ఈ సముద్రం మాదంటే మాదని నాలుగు దేశాలు అంటున్నాయి. రోజూ పొద్దున ఒక దేశం ఓడ, సాయంత్రం ఇంకో దేశం ఓడ మమ్మల్ని చూసిపోతాయి. పదిహేను రోజులకోసారి సామాన్ల పడవ వస్తుంది. దానితో ఉత్తరాల సంచి మన ఒంగోలు ఆఫీసుకి వెళ్తుంది. ఆ సంచి ఎంతమంది చేతులు మారుతుందో నీకు చెప్పక్కర్లేదు. కాబట్టి రాళ్ళ సంగతి ఉత్తరాల్లో ఎక్కువ రాయకు.

దీవి జనం మూడు వేలు కూడా ఉండరు. వాళ్ళకి అందరూ ఇచ్చేవాళ్ళే. ఒక దేశం బడికి కప్పు వేయించింది, ఒకళ్ళు ఉప్పునీళ్ళు మంచినీళ్ళు చేసే మిషను పెట్టారు, మనం చేపల రేవు కడుతున్నాం. నా దగ్గర పలకలెత్తే వాళ్ళలో లానో అని ఒకతను ఉన్నాడు. చేపలు పట్టేవాడు, రేవు పని మొదలయ్యాక పడవ నిలిపే చోటు పోయి కూలికొచ్చాడు. వాళ్ళింట్లో ఫ్యాను ఎదురు దీవి వాళ్ళు పంచింది, కరెంటు ఇంకో దేశం ఇచ్చింది. ఆ రెండు దేశాలకీ పడదు, ఈ ప్లగ్గు ఆ సాకెట్టులో పట్టదు. లానో ప్లగ్గు కోసేసి తీగలు నేరుగా గుచ్చాడు. చల్లగా తిరుగుతోంది. మీ దేశాలు కూడా ఇలా చేసుకోవచ్చుగా అని నవ్వుతాడు. మా మాటలు సగం ఇంగ్లీషు, సగం చేతులు.

నీ సంగతి అతనికి చెప్పాను. నా చెల్లెలు రాయిని చూపుతో కొట్టేస్తుందని చెప్పి, నీ ఇంటూ, కింద సున్నా గీసి చూపించాను. ఇక చూడు, పగిలిన కప్పు కనపడితే బొగ్గుతో అదే గుర్తు. నిన్న మన వంటమనిషి వండిన అన్నం ముందు పెట్టుకుని గాల్లో ఇంటూ గీసి కింద సున్నా చుట్టాడు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

నువ్వు చెప్పింది చేస్తాను. లెక్కకి సరిపడా పలకలే వచ్చాయి, అయినా చూస్తాను.

అమ్మ మోకాలికి నూనె మర్దన చెయ్యి. మేలో వస్తాను.

నీ అన్న,
ఇషాక్

*

చీమకుర్తి,
ఫిబ్రవరి 16.

అన్నా,

'చూస్తాను' అనే మాట నాకు ఇష్టం లేదు. మన పంచాయతీ ఆఫీసులో అందరూ అదే అంటారు.

అమ్మ ఇంట్లో లేదు. మిరపకోతలకి సత్తెనపల్లి అవతలికి వెళ్ళింది. మోకాలు నొప్పి అంటూనే ముఠాలో కలిసి ఆటో ఎక్కేసింది. పోయిన ఆదివారం వెళ్ళి చూసొచ్చాను. చేలోనే పట్టా కట్టుకుని పది మంది ఆడవాళ్ళు ఉంటున్నారు. చేతులు మంటలెత్తి కొబ్బరినూనె రాసుకుని గాల్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ చేను రైతు చెప్పాడు, ఈ కాయ కూడా మీ సముద్రం పక్క దేశాలకే పోతుందట. తొడిమ తీసిన కాయ ఒక దేశానికి, తీయనిది ఇంకో దేశానికి. మీ ఇషాక్ అక్కడ కారం లేక బాధపడక్కర్లేదు, అమ్మ కోసిన కాయే ఎదురొస్తుందని అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. 'వాడికి సరిగ్గా తిండి పెడుతున్నారంటా?' అని అడిగింది. పెడుతున్నారని చెప్పాను. గాల్లో గీసిన గుర్తు సంగతి చెప్తే అప్పుడు నవ్వింది.

ఇక్కడ ఒక చిత్రం జరిగింది. ఆ పెద్ద దేశం నుంచి కొనేవాళ్ళు ఇద్దరు మన క్వారీకి వచ్చారు. టార్చి పట్టుకుని, బకెట్టుతో నీళ్ళు పోయించుకుని దిమ్మలు చూసుకున్నారు. వాళ్ళకి నీళ్ళు పోసింది నేనే. ఎదురు దీవిలో వాళ్ళు కట్టేదానికి ముందు భాగంలో మన నల్లరాయే పెడతారట. నీ రేవుకి వచ్చిన పొరలోదే ఆ రాయి కూడా. అటు వాళ్ళ జెండా, ఇటు మన జెండా, కింద రాయి ఒకటే. పేపర్లో మాత్రం రోజూ ఎవరి వల్ల ఎవరికి ముప్పో రాస్తున్నారు. పేపర్లో చుట్టిచ్చిన మిరపకాయ బజ్జీ తింటూ అంతా చదివాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పదకొండూ పక్కన పెట్టావా, లేదా? అవును, కాదు. రెండింట్లో ఒకటి రాయి. ఆఫీసు వాళ్ళు చదివితే చదవనీ. వాళ్ళకీ కళ్ళున్నాయిగా.

నీ చెల్లి,
సిద్దిక

*

దీవి నుంచి,
మార్చి 20.

సిద్దికకు,

బాగున్నాను. ప్రారంభోత్సవం ఆరో తారీకున ఘనంగా జరిగింది. పెద్దవాళ్ళు వచ్చారు, బ్యాండు వాయించారు. రేవు మీద ఎర్ర తివాచీ పరిచారు. మా అందరికీ కొత్త చొక్కాలు ఇచ్చారు, వీపు మీద స్నేహం అని రెండు భాషల్లో ఉంది.

ఎండలు ముదిరాయి. ఇక్కడి మామిడికాయ చిన్నది, పుల్లగా బాగుంటుంది.

లానో ఇప్పుడు పనికి రావడం లేదు.

నీకేమన్నా వినపడితే నమ్మకు. అమ్మకు చెప్పకు. నా పని ఇంకొంచెం మిగిలింది. మేలో రావడం కుదురుతుందో లేదో తెలియదు.

ఇషాక్

*

చీమకుర్తి,
ఏప్రిల్ 2.

మనిషి చచ్చిపోయింది. నువ్వు మామిడికాయ పుల్లగా ఉందని రాశావు.

నీతో రేవు పని చేసిన బుల్లయ్య బాబాయి దీవి నుంచి తిరిగొచ్చాడు. పచ్చకామెర్లని పంపించేశారట. వాడరేవులో వాళ్ళింట్లో ఉన్నాడని తెలిసి నిన్న వెళ్ళాను. ఇంటి ముందు చేపలెండబెట్టిన చోట నులక మంచం వేసుకుని పడుకున్నాడు, కళ్ళు పసుపుముద్దల్లా ఉన్నాయి. నన్ను చూడగానే అటు తిరిగాడు. 'నాకేమీ తెలియదమ్మా, నా చేత సంతకం పెట్టించుకున్నారు' అన్నాడు. నేనింకా ఏమీ అడగలేదు.

అక్కడే కూర్చున్నాను. వాళ్ళావిడ టీ ఇచ్చింది. హైదరాబాదు నుంచి ఆదివారానికి వచ్చిన కుర్రాళ్ళు ఒడ్డున బంతాట ఆడుకుంటున్నారు. మంచం మీద లేచి కూర్చుని తనే చెప్పాడు.

తెరిచిన తొమ్మిదో రోజు పలక రెండుగా విరిగిందట. చేపల గంపతో ఒక ముసలామె దిమ్మెకీ పడవకీ మధ్యలో పడిందట. పైకి తీసేసరికే పోయిందట. ఆమె లానో అత్త, వాడి పెళ్ళాన్ని కన్నతల్లి. మరునాడు లానోనే పట్టుకెళ్ళారట. ప్రారంభోత్సవం ముందురోజు వాడు ఆ పలక మీద వంగి బొగ్గుతో గుర్తు పెట్టడం కెమెరాలో పడిందట. అది ఎదురు దీవి వాళ్ళకిచ్చిన సైగ అట. ఎక్కడ దెబ్బ కొట్టాలో చూపించాడట.

ఏం గుర్తు బాబాయ్ అని అడిగాను. వేలితో ఇసకలో గీశాడు.

ఇంటూ. కింద సున్నా.

సొంత అత్త రోజూ నిలబడే చోటే ఎవడన్నా సైగ పెడతాడా? అడగడానికి అక్కడ ఒక్కడికీ నోరు లేదా?

'మీ అన్నను కూడా పిలిచి అడిగారమ్మా, ఈ గుర్తు ఎప్పుడన్నా చూశావా అని. ఎప్పుడూ చూడలేదని రాసి సంతకం పెట్టాడు' అన్నాడు బాబాయి.

ఆ గుర్తు నాది. చీమకుర్తిలో సిద్దిక పెట్టే గుర్తు. దాన్ని అక్కడికి పట్టుకెళ్ళింది నువ్వు. వాడికి నేర్పింది నువ్వు. నేను చెప్పిన మాటే వాడూ చెప్పాడు, ఈ రాయి వెయ్యొద్దని. నాదైతే తడిగుడ్డతో పోయింది. వాడిని మనిషినే తుడిచేశావు.

ఈ ఉత్తరం ఆఫీసు సంచిలోనే వేస్తున్నాను. చదివేవాడెవడో వాడు కూడా చదువుకో. ఆ గుర్తు నాది, నాది, నాది.

సిద్దిక

*

దీవి నుంచి,
ఏప్రిల్ 19.

సిద్దికా,

ఈ ఉత్తరం సంచిలో రాదు. మన వైపు వెళ్ళే వంటమనిషి చేతికి ఇస్తున్నాను, బియ్యం సంచిలో దాచుకుంటానన్నాడు. చదివి పొయ్యిలో పెట్టు.

నీ ఉత్తరం నాకు ఇవ్వకముందే ఇక్కడి మేనేజరు నా ఎదుట చదివాడు. తెలుగు రాదు కాబట్టి ఒంగోలు వాళ్ళు హిందీలో రాసి పంపింది చదివాడు. నువ్వు మూడుసార్లు 'నాది' అన్నావు చూడు, అది కూడా మూడుసార్లు చదివాడు. అప్పటిదాకా ఆ గుర్తు నీదని ఇక్కడి వాళ్ళకి తెలియదు పిల్లా. నీ పేరు రాకూడదనే నేను ఆ గుర్తు చూడలేదన్నాను. ఇది నువ్వు నమ్మవు. నేను కూడా పూర్తిగా నమ్మడం లేదు. కొంత నీ కోసం, మిగతా భయం.

జరిగింది రాస్తాను. పదకొండిట్లో మూడే పక్కన పెట్టగలిగాను. వాటి చోట వెయ్యడానికి పగులు లేని ముక్కలు మూడే దొరికాయి. మిగతా ఎనిమిదీ వేశాను. రోజూ పొద్దున రేవు సముద్రపు నీళ్ళతో కడిగేవాళ్ళు. ఆరాక ఒక పలక మీద తెల్లగా ఉప్పు గీత తేలింది. నాకు కనపడింది. లానోకీ కనపడింది. బొగ్గు తీసి గుర్తు పెట్టాడు. తుడువు, రేపు పెద్దవాళ్ళు వస్తున్నారన్నాను. వాడు నవ్వి తల అడ్డంగా ఊపాడు. నీ చెల్లెలు నన్ను తిడుతుంది అన్నాడు. దాని మీద తివాచీ పరిచేశారు.

విరిగాక మన దేశం ఆఫీసరొకాయన వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ వేయించాడు. చూడు తమ్ముడూ, రాయిలో లోపం అంటే కంపెనీ పోతుంది, అది చిన్న సంగతి, కానీ మనం ఇచ్చింది మనిషిని చంపిందని ఎదురు దీవి వాళ్ళు ఊరూరా చెప్తారు, ఈ జనం అటు తిరుగుతారు, పదేళ్ళ పని పోతుంది అన్నాడు. ఆ తర్వాత మేనేజరు బీరువా తెరిచి మా నలభై మంది పాస్‌పోర్టులూ చూపించి మళ్ళీ మూశాడు.

లానో ఇంటికి పోలీసులు వెళ్ళి ఫ్యాను కూడా పట్టుకెళ్ళారు. ఎదురు దీవి వాళ్ళ సొమ్ము తిన్నాడనడానికి అదే సాక్ష్యం. దీవిలో ప్రతి ఇంట్లో ఆ ఫ్యానే ఉంది. వాడి పెళ్ళాం నా గుడిసె ముందుకొచ్చి రెండు రోజులు కూర్చుంది. మూడో రోజు నేను వెనక నుంచి పనికి పోయాను.

కేసు జూన్ మూడున. ఇరవై ఏళ్ళు పడొచ్చంటున్నారు.

యూనిట్ వాళ్ళు నీ దగ్గరికి ఒక కాగితం తెస్తారు. సంతకం పెట్టు. పెడితే నన్ను మేలో పంపిస్తామన్నారు. నువ్వు ధైర్యం గలదానివని నాకు తెలుసు. నేను కాను. ఇంటికి రావాలని ఉంది. అంతకంటే నాకిప్పుడు ఏమీ తోచడం లేదు.

ఇషాక్

*

చీమకుర్తి,
మే 10.

సంతకం పెట్టాను. ముందు అది చెప్తున్నా. నిన్ను తిట్టే హక్కు పోయింది, అయినా తిడతాను.

ఏప్రిల్ ఇరవై మూడున వచ్చారు ఇద్దరు. 'మా యూనిట్లో పలకల మీద చేత్తో గుర్తులు పెట్టే పద్ధతి ఎప్పుడూ లేదు, ఇంటూ కింద సున్నా అనే గుర్తును నేను ఎన్నడూ వాడలేదు' అని టైపు చేసి తెచ్చారు. కింద నా పేరు తప్పు రాశారు, అది దిద్ది ఇచ్చాను. సంతకం మాత్రం పెట్టనన్నాను. నా వెనక గోడకే మొన్నటి లాట్ పలక ఒకటి ఆనించి ఉంది, దాని మీద నా గుర్తు ఉంది. వాళ్ళ కాగితం, ఆ గోడ, రెండూ ఒకే చూపులో కనపడుతున్నాయి. ఇద్దరూ అది చూడనట్టే కూర్చున్నారు. ఆ పూటే నన్ను పనిలోంచి తీసేశారు.

ఊరికే కూర్చున్నాననుకోకు. జరిగిందంతా తెల్లకాగితం మీద రాసి, ఆ దీవి కోర్టుకి పంపుదామని పోస్టాఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో అతను కవరు తిప్పి చూసి దేశం పేరు రాయమన్నాడు. ఏ దేశమో నాకు తెలియదన్నాను. కంప్యూటర్లో వెతికాడు. ఒక దేశం పేరు కింద రాస్తే ఆ ఊరు చూపించలేదు, ఇంకో దేశం కింద చూపించింది కానీ అక్కడికి మన ఉత్తరాలు పోవట. మూడోది రాసి పంపుదాం, అదృష్టం అన్నాడు. పంపించాను. ఐదో రోజున తిరిగొచ్చింది, ఎర్ర ముద్రతో. సముద్రం కోసం అంతమంది కొట్టుకుంటున్నారు, అక్కడున్న మనిషికి ఒక్క ఉత్తరం చేర్చే దేశం మాత్రం ఒక్కటీ లేదు.

ఒంగోల్లో పేపరాఫీసుకి కూడా వెళ్ళాను. అక్కడి అతను అంతా విన్నాడు, నీళ్ళిచ్చాడు. 'ఇది దేశం సంగతమ్మా. నీ పేరు చూసి ఏమంటారో కూడా ఆలోచించుకో' అన్నాడు. నా పేరుకేమయిందని అడిగాను. ఖాళీ గ్లాసు తీసుకుని లేచాడు. నాకు అర్థం కాక కాదు అడిగింది. వాడి నోటితో అనిపిద్దామని.

అప్పటికి అమ్మ కోతలు ముగించుకుని వచ్చింది. కంపెనీ వాళ్ళే ఆమెకు చెప్పారు, నేను సంతకం పెడితే నువ్వొస్తావని. నేను లానో సంగతి మొత్తం చెప్పాను. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి కలిపి వదిలేసింది. ఆ తర్వాత ఒకే మాట అంది.

'ఆ తల్లి కొడుకు కోసం నేను రోజూ దువా చేస్తాను సిద్దికా. నా కొడుకును మాత్రం నాకు తెచ్చిపెట్టు.'

నా కాళ్ళు పట్టుకుంటుందేమోనని భయపడ్డాను. పట్టుకోలేదు. పట్టుకున్నా తట్టుకునేదాన్ని. కారం చేతులు మంటలని వాటిని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది, అంతే. మరునాడు వెళ్ళి సంతకం పెట్టాను. ఏప్రిల్ ముప్పై. నా చేత్తో, గుండ్రంగా, నేనే నేర్చుకున్న రాతతో. పని తిరిగిచ్చారు.

నువ్వు రాలేదు.

అడిగితే కేసు అయ్యాక పంపుతామన్నారు. కాగితంలో తారీకు లేదుగా అన్నారు. ఒక్క సంతకానికి ఇద్దరం అమ్ముడుపోయాం, సరుకు మాత్రం ఇంటికి చేరలేదు. ఇప్పుడు కోర్టులో లానోకి ఎదురుగా మూడు కాగితాలున్నాయి, బుల్లయ్య బాబాయిది, నీది, నాది. మూడూ మన జిల్లావే.

ఇప్పుడు నేను కడుగుతున్న లాట్ ఎవరిదో తెలుసా? ఎదురు దీవి వాళ్ళది, ఏప్రిల్లో తెరవాల్సిన రేవు వెనకబడిందట. ఫిబ్రవరిలో నేను నీళ్ళు పోసిన దిమ్మలే. నిన్న రెండిట్లో పగులు చూశాను. సుద్దముక్కలు మొత్తం ఎత్తేశారు, ఏదన్నా కనపడితే నోటితో చెప్పమన్నారు. చెప్పాను. విన్నారు. పెట్టెల్లోకి ఎక్కించారు.

ఈ ఉత్తరం వాడరేవు వీరబాబు చేతికిస్తున్నాను. బుల్లయ్య బాబాయి చోట పనికొస్తున్నాడు, ఎల్లుండి బయలుదేరతాడు. దిండులో దూది మధ్య పెట్టి కుట్టాను. దీన్నెవరూ చదవరు. కాబట్టి తిన్నగా చెప్తున్నా.

నీ కాగితం నువ్వు వెనక్కి తీసుకో. లానో తరఫు వకీలు దగ్గరికి వెళ్ళి, ఆ గుర్తు పారేసే రాయికి మా ఊళ్ళో పెట్టేదని, నేనే నేర్పానని, పగులు ఇద్దరం చూశామని, వాడు చెప్తే నేను వినలేదని చెప్పు. ఇంగ్లీషు సగం, చేతులు సగం, ఎలాగైనా చెప్పు. మొన్న వాడితో నవ్వడానికి సరిపోయిన భాష దీనికీ సరిపోతుంది. నువ్వు చెప్తానంటే ఆ జూన్ మూడునే నేను ఒంగోలు కోర్టుకెళ్ళి నా సంతకం అబద్ధమని ప్రమాణపత్రం ఇస్తాను.

చెప్పినా వాడిని వదులుతారని నేననుకోవడం లేదు. నిన్నూ లోపల వేస్తారేమో. నన్నిక్కడ గూఢచారి అంటారు, ఇంటి మీద రాళ్ళు పడతాయి, అమ్మ నాతో మాట్లాడదు. రేవు అలాగే ఉంటుంది, పలక మార్చి ఇంకోటి వేస్తారు, ఎదురు దీవిది కూడా తెరుస్తారు, అక్కడా బ్యాండు వాయిస్తారు. అన్నీ ఆలోచించాను. ఆలోచించడానికి నాకు వేరే పనేముంది, తడి ఆరేదాకా నిలబడి చూడటమేగా.

నువ్వు చెప్పనంటే నేనొక్కదాన్నే వెళ్తాను. ఆ కాగితంలో మొదటి వరసలో నీ పేరు రాస్తాను, నా పేరు రెండోది. నా పేరు దాచడానికే అబద్ధం ఆడానన్నావు కదా, ఆ సాకు కూడా నీకు మిగలనివ్వను.

ఆఫీసు సంచి ఈ నెల ఇరవై ఎనిమిదిన ఒంగోలు వస్తుంది. అందులో నీ జవాబు ఉండాలి. అమ్మకు సలాములు, ఎండలు, మామిడికాయలు ఏమీ వద్దు. 'చెప్తాను' లేదా 'చెప్పను'. ఒక్క మాట. ఎవడు చదివినా సరే. సంచి విప్పే వేళకి నేను ఆఫీసు గుమ్మంలో ఉంటాను. సాయంత్రం ఐదింటిదాకా చూస్తాను.

సిద్దిక